ఎన్డీఏ బాండ్ మీద సంతకం పెట్టాలా వద్దా? ఇంట్లో ఒకటే టెన్షన్

హాలియా_వెంకన్న
మావాడు ఎన్డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష రాశాడు, ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ దాటాడు, మెడికల్ అయింది, ఫైనల్ మెరిట్ లిస్టులో పేరు వచ్చింది. జూలైలో పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో చేరాలి. ఊళ్లో ఫ్లెక్సీ కూడా కట్టారు. ఇప్పుడు చేరేముందు ఇవ్వాల్సిన కాగితాలు చూస్తే గుండె జారింది. ఒకటి బాండ్. పిల్లవాడు తన ఇష్టంతో మధ్యలో మానేసినా, శిక్షణ అయ్యాక కమిషన్ (ఆఫీసర్ హోదా) వద్దన్నా సర్కారు పెట్టిన ఖర్చు తిరిగి కట్టాలట. రెండోది, ట్రైనింగులో దెబ్బ తగిలినా, జరగరానిది జరిగినా నష్టపరిహారం అడగబోమని తండ్రి సంతకం. మా బావమరిది అది చదివి "మూడెకరాలకు నీళ్లొదులుకో బావా" అని చెప్పి బండెక్కి పోయాడు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు. ఇప్పుడే ఇంటర్ అయిన పిల్లవాడు మూడేళ్లు అక్కడ నిలబడతాడని నేనెట్లా రాసివ్వాలి? అక్కడి రూల్స్ తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. కోచింగ్ సెంటర్‌లో అడిగితే "కంగ్రాట్స్ అంకుల్, ఫొటో పంపండి" అంటున్నారు.

జడ్చర్ల_జంక్షన్
ఫొటో పంపకండి. మా తమ్ముడు ఏ కోచింగుకూ పోకుండా ఉద్యోగం తెచ్చుకుంటే ఇప్పుడు రెండు సెంటర్ల బోర్డుల మీద నవ్వుతున్నాడు.

పాలమూరు_పిల్లగాడు
నాలుగేళ్లకే ఇంటికి పంపించేస్తారు కదా, దానికి మళ్లీ బాండ్ ఎందుకు?

కోదాడ_రన్నర్
అది అగ్నివీర్ అన్నా. ఎన్డీఏ ఆఫీసర్ ఎంట్రీ. మూడేళ్లు ఖడక్‌వాస్లాలో మూడు దళాల వాళ్లూ కలిసే ఉంటారు, జేఎన్‌యూ డిగ్రీ వస్తుంది. తర్వాత ఆర్మీ వాళ్లు డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ (ఐఎంఏ)కు, నేవీ వాళ్లు కేరళలో ఎళిమల నేవల్ అకాడమీకి, ఎయిర్ ఫోర్స్‌లో ఎక్కువమంది మన దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీకి వస్తారు. అదంతా అయ్యాకే భుజం మీద స్టార్లు.

పాలమూరు_పిల్లగాడు
ఓహో. అయితే వెంకన్న గారూ, స్వీట్లు ఎప్పుడు?

వకీలు_ఎంబీనగర్
వెంకన్న గారూ, బాండ్ చదివిన మీ బావమరిది సగమే చదివినట్టున్నారు. అందులో డబ్బు కట్టాల్సి వచ్చే సందర్భాలు రాసి ఉంటాయి. తప్పుడు వివరాలు ఇచ్చి చేరడం, క్రమశిక్షణ కింద తీసేయడం, తనంతట తాను మానేయడం, కమిషన్ ఇస్తే తీసుకోకపోవడం. వీటన్నిటికీ మూలం ఒకటే: క్యాడెట్ చేతిలో ఉన్న కారణంతో శిక్షణ ఆగితేనే వసూలు. జబ్బు చేసి, కాలు విరిగి, మెడికల్ బోర్డు పంపించేస్తే అది అతని చేతిలో లేని కారణం, ఆ ఖర్చు మీ మీద పడదు.

ఇక భూమి సంగతి. బాండ్ అంటే తాకట్టు కాదు. పాసుబుక్కు తెచ్చి పెట్టమని అడగరు. కాకపోతే పిల్లవాడూ, జామీను ఇచ్చినవాళ్లూ కలిసీ విడివిడిగానూ బాధ్యులని ఉంటుంది, అంటే సర్కారు ఎవరినైనా అడగవచ్చు. ఆ వాక్యం చదివించకుండా చుట్టాల చేత జామీను సంతకం పెట్టించకండి. మా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం "ఊరికే సంతకం పెట్టు మామా" దగ్గర మొదలైనవే.

నన్నడిగితే మీరు భయపడాల్సింది బాండ్ గురించి కాదు, ఆ రెండో కాగితం గురించి.

మన్యంకొండ_మెట్లు
వకీలు గారు సగం చెప్పి ఆపారు. సీరియల్‌లో ఎపిసోడ్ అయిపోయినట్టుంది.

మాజీ_హవల్దార్
నేను ఒక అకాడమీలో డ్రిల్ ఉస్తాద్‌గా (కవాతు నేర్పేవాడిగా) పనిచేసి రిటైరయ్యాను. మాది వనపర్తి వైపు. కాగితాల సంగతి వకీలు గారికి వదిలేస్తాను, లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

మొదటి టర్మ్ పిల్లవాడికి తన టైం అంటూ ఏమీ ఉండదు. తెల్లవారకముందే లేవాలి, పీటీ లేదా డ్రిల్, తర్వాత సైకిల్ మీద వరుస తప్పకుండా క్లాసుకు. మధ్యాహ్నం తిన్నాక కళ్లు మూసుకుపోతుంటే మళ్లీ గ్రౌండ్‌లోకి గేమ్స్‌కు. రాత్రి స్టడీ పీరియడ్‌లో పుస్తకం మీదే నిద్రపోతారు. డ్రిల్ స్క్వేర్ టెస్ట్ పాసయ్యేదాకా ఆదివారం బయటికి వదలరు. బూట్ల మెరుపు, బెల్టు, బకిల్, అన్నీ చూస్తారు. మొదటి రెండు మూడు వారాలు ఇంటికి పోతానని ఏడ్చేవాళ్లు ఎంతమందో. రాత్రి ఏడ్చి పొద్దున పరేడ్‌లో గట్టిగా కమాండ్ ఇస్తారు.

తప్పు చేస్తే శిక్ష ఉంటుంది. రెస్ట్రిక్షన్స్ అంటే మిగతావాళ్లు విశ్రాంతి తీసుకునే వేళ యూనిఫాం వేసుకుని రిపోర్ట్ చేస్తూ ఉండాలి. ఎక్స్‌ట్రా డ్రిల్ ఉంటుంది, వీపు మీద పిట్టూ (బరువు సంచి) వేసుకుని పరుగు ఉంటుంది. ఇవి రాతలో ఉన్న శిక్షలు. సీనియర్ పిల్లలు సొంతంగా పెట్టేవి రాతలో లేవు, వాటిని రూల్స్ ఒప్పుకోవు కూడా. అయినా అసలు ఉండవని నేను అనను.

ఉస్తాద్ ఎంత అరిచినా చివర "సాబ్" అనే అంటాడు. రేపు తను సెల్యూట్ కొట్టాల్సిన పిల్లవాడే కదా.

చౌటుప్పల్_టోల్‌గేట్
"సాబ్" అని తిట్టడం మా ఆఫీసులో కూడా ఉంది, జీతం మాత్రం పెరగదు.

కోదాడ_రన్నర్
హవల్దార్ అన్నా, రెలిగేషన్ గురించి చెప్పండి. మా కోచింగ్‌లో అందరికీ అదే భయం.

మాజీ_హవల్దార్
చదువులో కానీ, పీటీలో కానీ, నడవడిలో కానీ నిలబడకపోతే ఒక టర్మ్ వెనక్కి వేస్తారు. ఆరు నెలలు పోతాయి, నిన్నటి జూనియర్లతో కలిసి మళ్లీ అదే టర్మ్ చేయాలి. పరువు పోయిందని కుంగిపోయే పిల్లలున్నారు. అట్లా వెనక్కి పడి, తర్వాత బాగా నిలబడ్డవాళ్లనూ నేను చూశాను. మళ్లీ మళ్లీ పడితే మాత్రం తీసేస్తారు. నిర్ణయం ఒక్కరి చేతిలో ఉండదు. డివిజనల్ ఆఫీసర్ రాస్తాడు, స్క్వాడ్రన్ కమాండర్ చూస్తాడు, ఫైలు పైకి పోతుంది. ఎన్డీఏలో కమాండెంట్ అంటే త్రీ స్టార్ హోదా, ఒకసారి ఆర్మీ, ఒకసారి నేవీ, ఒకసారి ఎయిర్ ఫోర్స్ నుంచి వస్తారు. చదువు చెప్పేవాళ్లలో సివిలియన్ ప్రొఫెసర్లు ఎక్కువ, వాళ్లకు ప్రిన్సిపాల్ వేరు.

ఈత రానివాళ్లకు కష్టం. ఈత టెస్ట్ పాసవ్వాల్సిందే.

హాలియా_వెంకన్న
ఈత భయం లేదు. మావాడు ఎడమ కాలువలోనే పెరిగాడు. కాలువకు నీళ్లు వదిలారంటే బడి ఎగ్గొట్టేవాడు.

జడ్చర్ల_జంక్షన్
ఆ మాట ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలో చెప్పలేదు కదా?

అచ్చంపేట_అటవి
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను చేదు మాట చెప్తాను. మా మేనల్లుడు ఒక అకాడమీలో శిక్షణలో ఉండగా మోకాలు పోయింది. ఏ అకాడమీ అన్నది ఇక్కడ రాయను. నొప్పి అంటే మిగతావాళ్లు నవ్వుతారని కొన్ని వారాలు ఓర్చుకుని పరుగెత్తాడు. ఎంఆర్ఐ తీసేసరికి లిగమెంట్ పూర్తిగా తెగింది. ఆపరేషన్, మంచం, మెడికల్ బోర్డు, ఇంటికి. డబ్బు కట్టమని ఎవరూ అడగలేదు, అది నిజమే. కానీ చేతికి వచ్చిందేమిటి? కమిషన్ రాలేదు కాబట్టి ఆఫీసర్ కాదు. మాజీ సైనికుడూ కాదు, అందుకని వాళ్లకున్న ఆసుపత్రి కార్డు లేదు. చదువు మధ్యలో ఆగింది. ఇప్పుడు కల్వకుర్తిలో మెడికల్ షాపులో కూర్చుంటున్నాడు. బండి స్టాండు వేయాలంటే ఎడమ కాలు మీద బరువు మోపలేడు, పక్కన ఎవరినైనా పిలుస్తాడు. దేశసేవ అని పంపే తల్లిదండ్రులు ఇది కూడా తెలుసుకుని పంపాలి.

నకిరేకల్_నాగన్న
అట్లా భయపెడితే మన పిల్లలు ఎవరూ ముందుకు రారు. సూర్యాపేట సంతోష్‌బాబు గారు ఆరో తరగతిలో కోరుకొండ సైనిక్ స్కూల్‌కు పోయి, అక్కడి నుంచి ఎన్డీఏకు పోయి, 16 బిహార్ రెజిమెంట్‌కు కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. 2020లో గల్వాన్‌లో ప్రాణమిచ్చారు, మహావీర్ చక్ర వచ్చింది. వాళ్ల తల్లిదండ్రులు ఇట్లా లెక్కలు వేసుకుంటే పంపేవారా?

అచ్చంపేట_అటవి
ఆయన పేరు ఎత్తితే నేను ఎదురు మాట్లాడలేను, ఎత్తకండి. నేను పంపొద్దు అనలేదు. దెబ్బ తగిలి వచ్చిన పిల్లవాడికి ఏ రూలు వర్తిస్తుందో అడుగుతున్నాను.

వకీలు_ఎంబీనగర్
అచ్చంపేట గారు అడిగిందే అసలు ప్రశ్న. నేను ఆ రెండో కాగితం అన్నది ఇందుకే.

ఆ కాగితంలో పరిహారం హక్కుగా అడగబోమని రాసిస్తారు. అంటే సర్కారు ఏమీ ఇవ్వదని కాదు. ఎక్స్‌గ్రేషియా ఉంది, నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. శిక్షణ వల్ల వైకల్యం వచ్చి బయటికి వచ్చిన క్యాడెట్‌కు నెలకు 9,000, దాని మీద నూరు శాతం వైకల్యానికి నెలకు 16,200. శాతం తగ్గితే ఆ మేరకు తగ్గుతుంది, 20 శాతం లోపైతే ఈ రెండోది రాదు. అయితే ఇవన్నీ వైకల్యం సైనిక శిక్షణ వల్ల వచ్చిందనో, శిక్షణ వల్ల ముదిరిందనో బోర్డు రాస్తేనే. గొడవంతా ఆ ఒక్క ముక్క దగ్గరే.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. 1985 నుంచి ఇట్లా బయటికి వచ్చినవాళ్లు దాదాపు 500 మంది ఉన్నారని పత్రికల్లో వచ్చాక జరిగింది. క్యాడెట్లకు గ్రూపు బీమా పెట్టగలరా, కోలుకున్నాక కూర్చుని చేసే పనుల్లోకి తీసుకోగలరా అని కోర్టు కేంద్రాన్ని అడిగింది. అదే నెలాఖరుకు రక్షణ శాఖ వీళ్లకు ఈసీహెచ్‌ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం వర్తింపజేస్తామంది. అచ్చంపేట గారూ, మీ మేనల్లుడి డిశ్చార్జ్ కాగితాలు, మెడికల్ బోర్డు నకలు తీయించండి. పాత కేసైనా ఈసీహెచ్‌ఎస్‌కు దరఖాస్తు చేయవచ్చేమో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

అచ్చంపేట_అటవి
ఈసీహెచ్‌ఎస్ మాట మాకెవరూ చెప్పలేదు. బోర్డు కాగితం మా అక్క బీరువాలో ఉండాలి. రేపు వెతికిస్తాను.

మాజీ_హవల్దార్
వెంకన్న గారూ, మీ అబ్బాయికి ఒక్క మాట గట్టిగా చెప్పి పంపండి. నొప్పి వస్తే దాచొద్దు, ఎంఐ రూమ్‌కు (అకాడమీ వైద్యశాలకు) పోయి రిపోర్ట్ చేసి పుస్తకంలో రాయించుకోవాలి. ఏ తేదీన, ఏ పరేడ్‌లో, ఏం జరిగిందో రాతలో ఉంటేనే రేపు బోర్డు ముందు ఆధారం. కాలి ఎముకలో సన్నటి పగులు వచ్చి కూడా కుంటుతూ పరుగెత్తే పిల్లలు ఉంటారు. ఇప్పటి నుంచే రోజూ కొంచెం కొంచెంగా పరుగు పెంచమనండి. చివరి నెలలో ఒక్కసారిగా పది కిలోమీటర్లు మొదలుపెట్టే పిల్లలకే అక్కడ పిక్కలు పట్టేస్తాయి.

మర్రిగూడ_సైదులు
మా వైపు వాళ్లకు ముందు పళ్ల దగ్గరే భయం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పిల్లలు, పళ్ల మీద గోధుమ రంగు చారలు. మెడికల్‌లో తీసేస్తారా? మా అన్న కొడుకు తొమ్మిదో తరగతి, ఇప్పటి నుంచే నవ్వడం మానేశాడు.

కోదాడ_రన్నర్
డెంటల్ పాయింట్లు లెక్కపెడతారు, కనీసం 14 ఉండాలి. 32 పళ్లూ బాగుంటే 22 వస్తాయి. కింది పన్నుకు ఎదురుగా పైది గట్టిగా ఉంటేనే పాయింట్. కాబట్టి రంగు కన్నా పుచ్చిపోవడం, ఊడిపోవడం ముఖ్యం. తొమ్మిదోలోనే ఉన్నాడంటే చాలా టైం ఉంది. డెంటిస్టుకు చూపించండి, పుచ్చులు ఉంటే ఇప్పుడే పూడ్పించండి.

మర్రిగూడ_సైదులు
చూపిస్తాం. భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన చిన్నోడికి పళ్లు తెల్లగా ఉన్నాయి, వాణ్ణి పంపుతాంలే అంటున్నాడు మా అన్న.

దేవరకొండ_తండా
మా చెల్లి రాద్దామనుకుంటోంది. మా ఆచారం ప్రకారం చిన్నప్పుడే మొహం మీద, చేతుల మీద పచ్చబొట్లు వేశారు. టాటూ ఉంటే తీసేస్తారని కాలేజీలో ఎవరో అంటే ఏడుస్తూ వచ్చింది.

వకీలు_ఎంబీనగర్
టాటూ రూలు ఉంది. మామూలుగా మోచేయి నుంచి మణికట్టు దాకా ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక వైపు ఉంటేనే ఒప్పుకుంటారు. గిరిజనులకు ఆచారంగా మొహం మీదైనా ఒంటి మీదైనా ఉన్న పచ్చబొట్లకు మినహాయింపు ఉంది, ఒక్కొక్కరిది విడిగా చూసి సెలెక్షన్ సెంటర్ కమాండెంట్ నిర్ణయిస్తారు. తెగ సర్టిఫికెట్, ఆచారం గురించి రాసిన కాగితం ముందే తయారు చేసి పెట్టుకోండి. నోటిఫికేషన్‌లో ఆ పేరా ప్రింట్ తీసి ఫైల్లో ఉంచమనండి.

భువనగిరి_బిడ్డ
దేవరకొండ అన్నా, చెల్లిని ఆపకండి. సుప్రీంకోర్టు 2021లో చెప్పాకే అమ్మాయిలకు ఎన్డీఏ పరీక్ష తెరిచారు. 2022లో చేరిన మొదటి బ్యాచ్‌లో 17 మంది 2025 మే 30న పాసవుట్ అయ్యారు. ఫీజు కూడా అమ్మాయిలకు లేదు. నేను భువనగిరి గురుకులం వాళ్ల ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ప్రిపరేటరీ డిగ్రీ కాలేజీలో చదువుతున్నాను, డిగ్రీ కాబట్టి నాది సీడీఎస్ (డిగ్రీ వాళ్లు రాసే ఆఫీసర్ పరీక్ష) దారి, శిక్షణ చెన్నై ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ)లో. 49 వారాలు. అక్కడ శిక్షణలోనే నెలకు 56,100 స్టైపెండ్ ఉంది. ఎన్డీఏ మూడేళ్లలో అది లేదు, తర్వాత ఐఎంఏలాంటి చోట మొదలవుతుంది.

పాలమూరు_పిల్లగాడు
అంటే ఎన్డీఏ మూడేళ్లూ ఇంటి నుంచే డబ్బులా?

భువనగిరి_బిడ్డ
తిండి, బట్ట, పుస్తకాలు, వైద్యం, ఉండటం అన్నీ సర్కారువే. పాకెట్ ఖర్చు మాత్రం ఇంటి నుంచి. మామూలుగా నెలకు 3,000 దాటదని నోటిఫికేషన్‌లో ఉంది.

వకీలు_ఎంబీనగర్
అది కూడా భారమైతే సాయం ఉంది. తల్లిదండ్రుల ఆదాయం నెలకు 21,000 లోపు ఉంటే అడగవచ్చు. వెంకన్న గారూ, మీకిది పనికొస్తుంది. ఫైనల్ సెలక్షన్ కాగానే జిల్లా కలెక్టర్ ద్వారా దరఖాస్తు పెట్టాలి, ఆయన సిఫార్సు రాసి ఎన్డీఏ కమాండెంట్‌కు పంపుతారు. ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవలో ఈ వారమే పెట్టండి.

హాలియా_వెంకన్న
ఇది ఎవరూ చెప్పనే లేదు. సోమవారం ప్రజావాణికి నల్లగొండ పోతాను.

ఇంకో మాట. మా అమ్మ ఒకటే పోరు, పోయేలోపు మేనకోడలితో నిశ్చయం చేద్దామని. పెళ్లి తర్వాతే అంటోంది. అట్లా చేయవచ్చా?

మన్యంకొండ_మెట్లు
మూడెకరాలు పోయే దారి దొరికింది.

వకీలు_ఎంబీనగర్
శిక్షణ పూర్తయ్యేదాకా పెళ్లి చేసుకోనని అభ్యర్థి ఒప్పుకోవాలి. దరఖాస్తు పెట్టాక చేసుకుంటే సెలక్షనే పోతుంది. శిక్షణలో ఉండగా చేసుకుంటే పంపించేస్తారు, ఖర్చంతా తిరిగి కట్టాలి. శిక్షణ అంటే ఎన్డీఏ మూడేళ్లే కాదు, తర్వాతి అకాడమీ కూడా. నిశ్చయానికి నిషేధం లేదు. కానీ మన దగ్గర నిశ్చయం అయ్యాక "ముహూర్తం మళ్లీ లేదు, ఇప్పుడే కానిచ్చేద్దాం" అనేవాళ్లు ఉంటారు. అందుకని అమ్మగారికి నాలుగేళ్ల తర్వాతే మాటలు అని చెప్పండి.

మాజీ_హవల్దార్
పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి నిశ్చయం ఏమిటి వెంకన్న గారూ. మొదటి టర్మ్‌లో ఫోన్ కూడా చేతిలో ఉండదు. ఆ అమ్మాయి ఇక్కడ ఎదురుచూడాలి, వాడు అక్కడ పరేడ్‌లో అడుగు తప్పాలి. ఇద్దరికీ అన్యాయం.

నకిరేకల్_నాగన్న
అమ్మ మాట కాదనలేక మా తమ్ముడు ఆర్మీ సెలక్షన్ వదులుకున్నాడు. ఇప్పుడు అమ్మే "అప్పుడే పోయుంటే బాగుండేది" అంటుంది.

అచ్చంపేట_అటవి
బోర్డు కాగితం దొరికింది. "శిక్షణ వల్ల ముదిరింది" అని ఇంగ్లీషులో స్పష్టంగా రాసి ఉంది. ఎక్స్‌గ్రేషియాకు ఎప్పుడూ అడగలేదు, అడగవచ్చని తెలియదు. వకీలు గారూ, ఫొటో మీకు ప్రైవేటుగా పంపాను, చూడండి.

వకీలు_ఎంబీనగర్
చూశాను. వైకల్యం శాతం రెండో పేజీలో ఉండాలి, ఆ పేజీ రాలేదు. అది లేకుండా ఏమీ చెప్పలేను, మళ్లీ తీసి పంపండి. అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వకండి, నకళ్లే ఇవ్వండి.

హాలియా_వెంకన్న
బావమరిదిని ఇవాళ పిలిచి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. జామీను వాక్యం దాకా బాగానే విన్నాడు. "జామీనుదారు ఎవరు?" అని అడిగాడు. నువ్వే అన్నాను. మళ్లీ బండెక్కాడు.

జడ్చర్ల_జంక్షన్
బండి తాళాలు ముందే తీసిపెట్టాల్సింది.